గడప దగ్గరి చిక్కు: ఈఎస్‌పీ మెష్‌ను బయటి నెట్‌వర్క్‌తో కలపడం

ఈఎస్‌పీ8266, ఈఎస్‌పీ32 వంటి మైక్రోకంట్రోలర్ బోర్డులను పదింటిని తెచ్చి ఒక వైర్‌లెస్ మెష్‌గా (ఒకదాని ద్వారా ఇంకొకటి సందేశాలు అందించుకునే బోర్డుల వలగా) కలపడం ఇప్పుడు పెద్ద పనేమీ కాదు. ఆర్డుయినోలో పెయిన్‌లెస్‌మెష్ లైబ్రరీని చేర్చి, అన్ని బోర్డులకూ ఒకే మెష్ పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే పోర్టు (మామూలుగా 5555) ఇస్తే అవి ఒకదాన్నొకటి వెతుక్కుని, మధ్యలో రౌటర్ ఏదీ లేకుండానే మాట్లాడుకోవడం మొదలుపెడతాయి. అసలు కష్టం ఆ మాటలను బయటికి, అంటే ఇంట్లోని వైఫై రౌటర్‌కు, అక్కడి నుంచి ఒక సర్వర్‌కో ఫోన్‌కో చేర్చాలనుకున్నప్పుడు మొదలవుతుంది. అంతవరకు నిలకడగా నడిచిన మెష్, బయటి నెట్‌వర్క్‌తో ముడిపెట్టిన రోజు నుంచీ చెదరడం, మళ్లీ కూడడం, మళ్లీ చెదరడం తరచుగా కనిపించే సంగతి.

సమాచారాన్ని ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకొక నెట్‌వర్క్‌కు దాటించే కోడ్ రాయడానికి యాభై అరవై వరుసలు చాలు. అయితే ఆ కోడ్ నడిచే బోర్డు (దీన్ని గేట్‌వే అంటారు) దగ్గర సమాచారంతో పాటు రెండు నెట్‌వర్కుల లోపాలు కూడా కలుస్తాయి. రౌటర్ చానల్ మార్చుకున్నా, సర్వర్ నిద్రపోయినా, ఇంటర్నెట్ తెగినా ఆ కుదుపు ఈ ఒక్క బోర్డు ద్వారా మెష్ లోపలికి పాకుతుంది. అందువల్ల గేట్‌వే బోర్డు ఎంత బాగా సందేశాలు దాటిస్తున్నదన్న దానికన్నా, ఒకవైపు లోపాన్ని రెండో వైపుకు ఎంత బాగా దాటనివ్వడం లేదన్నదే దాని పనితనానికి గీటురాయి. ఈ వ్యాసంలోని వివరాలన్నీ ఆ గీటురాయి మీద పెట్టి చూసినవే.

ఒక ఉదాహరణను ముందుంచుకుంటే విషయం తేటగా ఉంటుంది. ఎనిమిదెకరాల మామిడి తోట అనుకుందాం. ఒక మూల బోరు, దాని పక్కన మోటారు షెడ్డు, షెడ్డులో స్టార్టర్ డబ్బాకు రిలే ద్వారా కలిపిన ఒక బోర్డు, నీళ్ల తొట్టి మీద ఫ్లోట్ స్విచ్‌తో ఇంకొక బోర్డు, చెట్ల వరుసల్లో నేల తేమను కొలిచే ఆరు బోర్డులు, తోట అంచున ఉన్న ఇంట్లో వైఫై రౌటర్. తొట్టి నిండగానే మోటారు ఆగాలి; ఇది పూర్తిగా మెష్ లోపలి పని. తేమ అంకెలు ఫోన్‌లో కనిపించాలి, ఫోన్ నుంచి మోటారు వేయగలగాలి. ఇది బయటి నెట్‌వర్క్ కావలసిన పని. ఇంటికి దగ్గరగా తొమ్మిదో బోర్డును పెట్టి, దాన్ని మెష్‌కూ రౌటర్‌కూ మధ్య నిలబెడతారు. దానినే బ్రిడ్జి అని పిలవడం వాడుక.

పేరు బ్రిడ్జి, పని దుబాసీది

నెట్‌వర్క్ పరిభాషలో బ్రిడ్జి అంటే ఫ్రేములను విప్పి చూడకుండా, మ్యాక్ చిరునామాను (చిప్‌కు తయారీలోనే ఇచ్చిన సంఖ్యను) బట్టి మాత్రమే అటూ ఇటూ పంపే పరికరం. రౌటర్ ఐపీ చిరునామాను బట్టి ప్యాకెట్లను పంపుతుంది. పెయిన్‌లెస్‌మెష్ విషయంలో ఆ తొమ్మిదో బోర్డు చేసేది ఈ రెండూ కాదు. అది ఒక భాషలో విన్న మాటను ఇంకో భాషలో తిరిగి చెప్పే దుబాసీ. సరైన పేరు గేట్‌వే. ఈ తేడా పట్టింపు కోసం చెప్పేది కాదు, ఎందుకంటే మెష్ చిరునామాల స్వభావమంతా ఇందులోనే ఉంది.

పెయిన్‌లెస్‌మెష్‌లో ప్రతి నోడ్‌కూ (మెష్‌లోని బోర్డుకూ) 32 బిట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని చిప్ మ్యాక్ చిరునామాలోని చివరి నాలుగు బైట్ల నుంచి తీస్తారు. ఆ సంఖ్య నుంచే ప్రతి నోడ్ తన యాక్సెస్ పాయింట్‌కు (ఇతర బోర్డులు వచ్చి కలిసే వైఫై కేంద్రానికి) 10తో మొదలై 1తో ముగిసే ఒక ఐపీ చిరునామాను కూడా కల్పించుకుంటుంది. మధ్య రెండు అంకెలు గుర్తింపు సంఖ్యలోని చివరి రెండు బైట్లు. అంటే ప్రతి నోడ్ కింద ఒక చిన్న సొంత ఐపీ లోకం ఉంటుంది, ఆ లోకం దాని పిల్ల నోడ్‌ల (దాని కింద కలిసిన బోర్డుల) వరకే. తల్లీ పిల్లల మధ్య టీసీపీ (చేరిందో లేదో సరిచూసుకునే పద్ధతి) కనెక్షన్ ఉంటుంది గాని, తాత నుంచి మనవడికి ఐపీ దారి అంటూ ఏదీ లేదు. ఆ దారిని లైబ్రరీయే జేసన్ (పేరు, విలువ జతలుగా రాసే రూపం) సందేశాల మీద రాసి ఉన్న గుర్తింపు సంఖ్యను చూసి నడుపుతుంది. అందువల్ల ఇంట్లోని ల్యాప్‌టాప్ నుంచి తొట్టి మీది బోర్డుకు పింగ్ కొడితే జవాబు రాదు, రావడానికి దారి కూడా లేదు. ఇంటి నెట్‌వర్క్ 192.168తో మొదలయ్యేదైతే అంతవరకే ఇబ్బంది. కొన్ని కార్యాలయాల్లో, కళాశాలల్లో మాదిరిగా నెట్‌వర్క్ మొత్తం 10తో మొదలయ్యే చిరునామాల మీద నడుస్తుంటే, గేట్‌వేకు రెండు వైపులా ఒకే రకం చిరునామాలు కనిపించి, బయటికి వెళ్లవలసిన ప్యాకెట్ లోపలికి తిరిగే ప్రమాదం కూడా ఉంటుంది.

గుర్తింపు సంఖ్య దగ్గరే ఇంకొక చిన్న ఉచ్చు ఉంది. 32 బిట్ల సంఖ్యను గుర్తు లేనిదిగా చదివితే 429 కోట్ల పైవరకు వెళ్తుంది, గుర్తు ఉన్నదిగా చదివితే 2,14,74,83,647 దగ్గర ఆగుతుంది. ఫోన్ నుంచి వచ్చిన ఆదేశంలోని నోడ్ సంఖ్యను గేట్‌వే కోడ్ మామూలు పూర్ణాంకంగా మారిస్తే, సంఖ్య చిన్నదైన బోర్డులకు ఆదేశం చక్కగా చేరుతుంది, పెద్దదైన బోర్డులకు ఎప్పటికీ చేరదు. తొమ్మిది బోర్డుల్లో నాలుగు పలుకుతూ ఐదు పలకకపోతే ఎవరైనా ముందు అనుమానించేది సిగ్నల్‌నే. బోర్డుల చోట్లు మార్చి, యాంటెన్నాలు మార్చి, చివరికి తప్పు ఒక మార్పిడి ఫంక్షన్‌లో ఉందని తెలుసుకోవడం ఎవరికీ రాకూడని ఆయాసం. ఆ సంఖ్యను గుర్తు లేనిదిగానే చదవాలి.

ఒక రేడియో, ఒక చానల్

ఈఎస్‌పీ8266లో ఉన్నది ఒకే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో. అది ఒకే సమయంలో స్టేషన్‌గానూ (ఇంకో వైఫైకి వెళ్లి కలిసే పాత్ర) యాక్సెస్ పాయింట్‌గానూ ఉండగలదు, కానీ రెండు పాత్రలకూ ఒకే చానల్. స్టేషన్ పాత్రలో 11వ చానల్‌లోని రౌటర్‌కు కలిస్తే, యాక్సెస్ పాయింట్ కూడా చచ్చినట్టు 11కే వెళ్తుంది. మరోవైపు పెయిన్‌లెస్‌మెష్ నోడ్‌లు తమకు చెప్పిన ఒక్క చానల్‌లోనే తోటి నోడ్‌లను వెతుకుతాయి. ఏమీ చెప్పకపోతే అది 1. కాబట్టి మెష్ అంతా 1లో ఉండి, రౌటర్ 11లో ఉంటే, గేట్‌వే రౌటర్‌కు కలిసిన మరుక్షణం మెష్‌కు కనిపించకుండా పోతుంది. దాని సీరియల్ మానిటర్‌లో చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది, రౌటర్ ఇచ్చిన ఐపీ కూడా కనిపిస్తుంది, ఒక్క నోడ్ జాబితా మాత్రం ఖాళీగా ఉంటుంది. లైబ్రరీతో వచ్చే బ్రిడ్జి ఉదాహరణలో చానల్ 6 అని రాసి, మెష్‌కూ బయటి నెట్‌వర్క్‌కూ ఒకే చానల్ ఉండేలా చూసుకోండని పక్కనే హెచ్చరిక పెట్టింది ఇందుకే.

ఇళ్లలో వాడే రౌటర్లలో చానల్ ఎంపికను ఆటో మీద వదిలేయడం ఎక్కువ. పక్కింటి వైఫై రద్దీ పెరిగిన రోజో, కరెంటు పోయి వచ్చినప్పుడో రౌటర్ తనంతట తానే ఇంకో చానల్‌కు మారుతుంది. అప్పుడు గేట్‌వే దాని వెంట వెళ్తుంది, తోటలోని ఎనిమిది బోర్డులు పాత చానల్‌లోనే మిగిలిపోతాయి. రౌటర్‌లో చానల్‌ను 1, 6, 11లలో ఒకదానికి స్థిరపరచి, అదే సంఖ్యను అన్ని బోర్డుల కోడ్‌లోనూ రాయడమే దీనికి మామూలు మందు. రౌటర్ మార్చిన రోజున, లేదా సర్వీసు చేసేవారు వచ్చి రీసెట్ కొట్టిన రోజున ఆ మందు పనిచేయదు. ఇంట్లో ఒక మూల జరిగిన ఈ చిన్న మార్పుకు తోటలో తొట్టి పొంగిపొర్లనవసరం లేదు. గేట్‌వే పోయినా మిగతా ఎనిమిదీ తమలో తాము కలిసి ఉంటే మోటారు ఆగుతుంది. అవి అలా కలిసి ఉంటాయా లేదా అన్నది రూట్ నోడ్ (మెష్‌కు మొదలుగా నిలిచే బోర్డు) ఏర్పాటు మీద ఆధారపడుతుంది.

పెయిన్‌లెస్‌మెష్ ఆకారం నిజానికి చెట్టు, వలయాలు ఉండవు. ప్రతి నోడ్ తన స్టేషన్ పాత్రతో పైనున్న ఒక్క నోడ్‌కు కలుస్తుంది, తన యాక్సెస్ పాయింట్ కింద కొన్నింటిని చేర్చుకుంటుంది. ఈఎస్‌పీ8266కు లైబ్రరీ పెట్టే పరిమితి నాలుగు, ఈఎస్‌పీ32కు పది. గేట్‌వే తన ఏకైక పై లింకును రౌటర్‌కు ఇచ్చేసింది కాబట్టి మెష్‌లో దానికి తల్లి ఉండడం సాధ్యం కాదు, తప్పనిసరిగా అదే చెట్టు మొదలు కావాలి. ఆ సంగతిని గేట్‌వే కోడ్‌లో సెట్‌రూట్ అనే పిలుపుతోనూ, ఈ మెష్‌లో ఒక రూట్ ఉందని అన్ని బోర్డుల కోడ్‌లోనూ సెట్‌కంటెయిన్స్‌రూట్ అనే పిలుపుతోనూ చెబుతారు. ఈ రెండో దాన్ని మరవడం పరిపాటి. అది లేనప్పుడు తోటలో రెండు గుంపులు ఏర్పడి, రెండో గుంపులో అందరికన్నా పైనున్న బోర్డుకు గేట్‌వే గుంపులోని ఏ బోర్డూ అందనంత దూరం ఉంటే, ఆ గుంపు చాలాసేపు వేరుగానే ఉండిపోవచ్చు. కింద ఉన్న బోర్డులకు అవతలి గుంపు అందుబాటులో ఉన్నా వాటి పై లింకులు అప్పటికే నిండి ఉంటాయి. రూట్ ఉందని తెలిసిన నోడ్‌లు, తమ గుంపులో రూట్ కనబడనప్పుడు పై లింకును వదిలి మళ్లీ వెతుక్కుంటాయి.

ఇదే లక్షణం గేట్‌వే లేని సమయంలో ఎదురు తిరుగుతుంది. రూట్ కోసం వెతుకులాటలో నోడ్‌లు లింకులు వదలడం, కట్టుకోవడం చేస్తూ ఉంటాయి, ఆ కుదుపులో తొట్టి నుంచి మోటారుకు వెళ్లవలసిన సందేశం పోవచ్చు. అంతేకాదు, ఒక గేట్‌వే పోతే ఇంకొకటి ఉండాలని రెండింటిని రూట్‌లుగా పెడితే, రెండు రూట్‌లూ ఒకదాని కింద ఒకటి చేరలేవు కాబట్టి మెష్ రెండు ముక్కలవుతుంది. విఫలమైతే ఆదుకోవడానికి పెట్టిన రెండో గేట్‌వేయే విభజనకు కారణమయ్యే ఈ స్థితి, గేట్‌వేకు రౌటర్ వైఫైని మెష్ రేడియో మీదనే ఎక్కించడం వల్ల వచ్చింది.

సర్వర్ నిద్రపోతే తోట ఎందుకు చెదరాలి

గేట్‌వే నుంచి అవతలికి ఎక్కువగా వాడేది ఎంక్యూటీటీ, అంటే చిన్న సందేశాలను బ్రోకర్ అనే మధ్యవర్తి సర్వర్ ద్వారా చేరవేసే ప్రోటోకాల్. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దీన్ని చమురు పైపులైన్లను ఉపగ్రహ లింకుల ద్వారా కనిపెట్టుకుని ఉండడానికి రూపొందించారు. అంటే తక్కువ బ్యాండ్‌విడ్త్, తెగి తెగి వచ్చే లింకు అన్న షరతులతోనే అది పుట్టింది. మెష్‌కు ఇంతకన్నా తగిన తోడు లేదనిపిస్తుంది. ప్రోటోకాల్‌లో తప్పు లేదు. చిక్కంతా గేట్‌వే బోర్డులో అది మెష్‌తో ఒకే లూప్‌ను (మళ్లీ మళ్లీ నడిచే కోడ్‌ను) పంచుకోవడంలో ఉంది.

పెయిన్‌లెస్‌మెష్‌లో డిలే (కోడ్‌ను కాసేపు ఆపే పిలుపు) వాడకూడదని మొదటి పాఠంలోనే చెబుతారు; మెష్ పనులన్నీ లూప్‌లో మాటిమాటికీ పిలిచే అప్‌డేట్ ఫంక్షన్ మీద నడుస్తాయి, అది ఆగితే నోడ్ చెవుడూ మూగా అవుతుంది. ఆర్డుయినోలో ఎంక్యూటీటీకి ఎక్కువగా వాడే పబ్‌సబ్‌క్లయింట్ లైబ్రరీలో బ్రోకర్‌కు కనెక్ట్ అయ్యే పిలుపు, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడిపోతుంది; సాకెట్ గడువు మామూలుగా 15 సెకన్లు. బ్రోకర్ ఉన్న కంప్యూటర్ వేలాడుతూ, టీసీపీ కనెక్షన్ తీసుకుని ఆపైన ఏమీ పలకని స్థితిలో ఉందనుకుంటే, గేట్‌వే 15 సెకన్లు గడ్డకడుతుంది. ఆలోగా దాని పిల్ల నోడ్‌లు తల్లి పోయిందని తీర్మానించుకుని లింకు తెంచుకుంటాయి. గేట్‌వే తేరుకుని చూస్తుంది, బ్రోకర్ లేదు, వెంటనే మళ్లీ కనెక్ట్ పిలుపు. ఇంకో 15 సెకన్లు. ఎక్కడో ఒక సర్వర్ ఆగినందుకు తోటలో తొట్టికీ మోటారుకూ మధ్య మాటలు పడిపోవడం ఇలా జరుగుతుంది. నీళ్ల కోసం పెట్టిన పరికరాన్ని నీళ్లతో సంబంధం లేని లోపం ఆపేయడం ఏ విధంగానూ సమర్థించదగినది కాదు. కనెక్ట్ ప్రయత్నాల మధ్య ఎడం పెంచుకుంటూ పోవడం, గడువును తగ్గించడం, ఈఎస్‌పీ32 అయితే ఎంక్యూటీటీని వేరే టాస్క్‌లో నడపడం, ఆగకుండా పనిచేసే అసింక్ లైబ్రరీ వాడడం వంటివి ఉపశమనాలు.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. బోర్డు క్షణాల్లో లేస్తుంది, రౌటర్ లేచి ఇంటర్నెట్‌కు కలవడానికి ఒకటి రెండు నిమిషాలు తీసుకుంటుంది. లేవగానే రౌటర్ కోసం లూప్‌లో కూర్చుని ఎదురుచూసే గేట్‌వే కోడ్ ఆ రెండు నిమిషాలూ మెష్‌ను పట్టించుకోదు.

మెమరీ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈఎస్‌పీ8266లో ఖాళీ స్కెచ్‌కు దొరికే హీప్ (కోడ్ నడుస్తూ వాడుకునే మెమరీ) సుమారు 50 కిలోబైట్లు. బ్రోకర్‌తో మాటలు ఎన్‌క్రిప్ట్ కావాలని 1883 పోర్టు నుంచి 8883కు మారితే, టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్ పొర) స్వీకరణ బఫర్‌కే మామూలుగా 16 కిలోబైట్లు పోతాయి. మెష్ లింకుల బఫర్లు, జేసన్ విడదీతకు చోటు అన్నీ మిగిలిన దాంట్లోనే సర్దుకోవాలి. పగలంతా నడిచి రాత్రి రీసెట్ అయ్యే గేట్‌వేలో ముందు చూడవలసింది మిగిలిన హీప్ ఎంతన్నదే.

221 బైట్లలో ఎన్ని తెలుగు అక్షరాలు

పబ్‌సబ్‌క్లయింట్ ఒక ప్యాకెట్‌కు కేటాయించే బఫర్ మామూలుగా 256 బైట్లు. ఇందులో హెడర్‌కు 5, టాపిక్ (సందేశానికి పెట్టే శీర్షిక) పొడవు చెప్పడానికి 2 పోతాయి. బ్రిడ్జి ఉదాహరణలో టాపిక్ పేరు పెయిన్‌లెస్‌మెష్, ఫ్రమ్ అన్న రెండు ఇంగ్లిష్ మాటలు, రెండు గీతలు, ఆపైన పది అంకెల నోడ్ సంఖ్య; మొత్తం 28 బైట్లు. మిగిలేది 221. సందేశం 222 బైట్లయితే పబ్లిష్ (సందేశాన్ని పంపే) పిలుపు "ఫాల్స్", అంటే పంపలేదు అని జవాబిచ్చి ఊరుకుంటుంది, ఏ మొరా వినిపించదు. ఆ జవాబును కోడ్ పట్టించుకోకపోతే, మెష్‌లో చక్కగా తిరిగిన సందేశం గడప దగ్గర మాయమవుతుంది.

తెలుగులో సందేశాలు పంపాలనుకునేవారికి ఈ లెక్క మరీ ముఖ్యం. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు. గుణింతం గుర్తుకు వేరుగా మరో 3. "మోటారు ఆగింది" అన్న రెండు మాటలు కంటికి చిన్నవే, లెక్కకు 37 బైట్లు. 221 బైట్లలో పట్టేది 73 తెలుగు కోడ్‌లు, అంటే గుణింతాలూ ఒత్తులూ పోను ముప్పై నలభై అక్షరాలు. బఫర్ పరిమాణాన్ని కోడ్‌లో పెంచుకోవచ్చు, కానీ మెష్ సందేశాలను పొట్టిగా ఉంచడమే సరైన దారి. తొట్టి బోర్డు ఒక చిన్న సంఖ్యను పంపితే చాలు. ఆ సంఖ్యకు అర్థం "తొట్టి నిండింది" అని ఫోన్‌లో తెలుగులో చూపించే పని మెమరీకి కొదవలేని సర్వర్‌దో యాప్‌దో కావాలి. మాతృభాషలో సమాచారం రైతుకు అందడం అవసరం, ఆ భాషను చివరి మెట్టు మీద చేర్చడమే అది నమ్మకంగా అందడానికి మార్గం.

చేరిందని ఎవరు చెప్పాలి

మెష్‌లో ప్రతి అంగ (ఒక బోర్డు నుంచి పక్క బోర్డుకు వెళ్లే దశ) వద్దా టీసీపీ ఉంది కాబట్టి సందేశం పోదని అనుకోవడం సహజం. తేమ బోర్డు నుంచి దాని తల్లికి చేరిందని టీసీపీ చెబుతుంది. ఆ తల్లి దాన్ని పైకి పంపేలోగా లింకు తెగితే, మొదట పంపిన బోర్డుకు తెలియదు. గేట్‌వేకు చేరాక ఇంకో కథ. పబ్‌సబ్‌క్లయింట్ పబ్లిష్ చేసేది సున్నా స్థాయి హామీతోనే. బ్రోకర్ నుంచి రసీదు అడగదు. ఎంక్యూటీటీలో ఒకటి, రెండు స్థాయిల హామీలున్నా అవి గేట్‌వే నుంచి బ్రోకర్ వరకే, తోటలోపలికి రావు. ముక్కముక్కకూ ఉన్న హామీలను కలిపితే మొత్తం దారికి హామీ రాదని జెరోమ్ సాల్ట్జర్, డేవిడ్ రీడ్, డేవిడ్ క్లార్క్ 1980ల మొదట్లోనే వాదించి చూపారు. మెష్ గేట్‌వే దగ్గర ఆ వాదం అక్షరాలా కనిపిస్తుంది.

తేమ అంకె ఒకటి పోతే నష్టం లేదు, పది నిమిషాలకు ఇంకొకటి వస్తుంది. దానికి రసీదులు పెట్టడం రేడియో సమయాన్ని వృథా చేయడమే. "మోటారు ఆపు" అన్న ఆదేశానికి మాత్రం స్టార్టర్ బోర్డు నుంచే, రిలే నిజంగా పడ్డాక, వరుస సంఖ్యతో జవాబు రావాలి. గేట్‌వే తన వంతుగా "పంపాను" అని చెప్పే మాటను ఫోన్‌లో "ఆగింది" అని చూపడం ప్రమాదకరమైన తప్పు.

సమయం విషయంలో కూడా ఇటువంటి పొరపాటుకు తావుంది. మెష్‌లోని నోడ్‌లన్నీ తమ గడియారాలను మైక్రోసెకన్లలో కలుపుకుంటాయి, ఆ పనిని లైబ్రరీ బాగా చేస్తుంది. కానీ ఆ గడియారం 32 బిట్లది. 71 నిమిషాల 35 సెకన్లకొకసారి సున్నాకు వస్తుంది, తేదీ అంటూ దానికి తెలియదు. గేట్‌వే ఇంటర్నెట్ నుంచి అసలు సమయం తీసుకుని, సందేశం తన దగ్గరికి వచ్చిన వేళను దాని మీద ముద్ర వేస్తే చాలావరకు సరిపోతుంది. లింకు లేనప్పుడు నోడ్‌లోనే దాచి తర్వాత పంపే అంకెలకు మాత్రం, దాచినప్పటి మెష్ సమయాన్ని కూడా జతచేసి, గంట దాటిన వాటికి వేరే లెక్క పెట్టుకోవాలి.

రెండు చిప్‌ల మధ్య మూడు తీగలు

పైన చెప్పిన కష్టాల్లో సగానికి పైగా ఒక్క మార్పుతో తీరతాయి: గేట్‌వేను రెండు చిప్‌లుగా చీల్చడం. ఒక చిప్ పూర్తిగా మెష్‌లో ఉంటుంది, రౌటర్ పేరు కూడా దానికి తెలియదు. రెండోది పూర్తిగా బయటి నెట్‌వర్క్‌లో ఉంటుంది, మెష్ గురించి దానికి తెలియదు. రెండింటినీ సీరియల్ తీగలు కలుపుతాయి: ఒకదాని టీఎక్స్ రెండోదాని ఆర్ఎక్స్‌కు, దాని టీఎక్స్ దీని ఆర్ఎక్స్‌కు, రెండింటి గ్రౌండ్ ఒకచోటికి. చానల్ పట్టింపు పోతుంది, మెష్ వైపు చిప్‌కు పై లింకు తిరిగి దొరుకుతుంది, కాబట్టి అది రూట్ కావలసిన అగత్యమే ఉండదు. తోటకు రెండు చోట్ల రెండు గేట్‌వేలు పెట్టినా మెష్ చీలదు. అయితే రెండు గేట్‌వేలు ఉన్నప్పుడు లోపలి నుంచి వచ్చే మాటలకూ లోపలికి వెళ్లే మాటలకూ టాపిక్‌లు వేరుగా ఉండాలి, లేకపోతే ఒకటి బయటికి పంపిన సందేశాన్ని ఇంకొకటి లోపలికి తెచ్చి, అది మళ్లీ బయటికి వెళ్లి, తిరుగుడు ఆగదు.

1,15,200 బాడ్ వేగంలో ఒక బైట్‌కు పది బిట్లు లెక్కవేస్తే సెకనుకు 11,520 బైట్లు వెళ్తాయి. 221 బైట్ల సందేశానికి 20 మిల్లీసెకన్ల లోపే. తోట అవసరాలకు ఇది చాలా ఎక్కువ.

ఈ తీగ మీద ఒక విషయాన్ని దగ్గరగా చూడాలి. ఈఎస్‌పీ8266 రీసెట్ అయిన ప్రతిసారీ దాని బూట్ రోమ్ (చిప్‌లోనే ఉండే తొలి కోడ్) కొన్ని వరుసలు సీరియల్ మీద పలుకుతుంది, అదీ 74,880 బాడ్ వేగంలో. 1,15,200లో వింటున్న అవతలి చిప్‌కు అవి పిచ్చి అక్షరాలుగా వచ్చి పడతాయి. వరుస ముగింపు గుర్తు వచ్చేదాకా కూడబెట్టి జేసన్‌గా విడదీసే కోడ్‌కు, ఆ చెత్త తర్వాతి మొదటి సందేశానికి ముందు అతుక్కుని, ఆ సందేశం చెడిపోతుంది. మొదటి సందేశం సాధారణంగా "లేచాను" అన్నదే కాబట్టి, మెష్ వైపు చిప్ లేచిన సంగతే రెండో చిప్‌కు తెలియకుండా పోతుంది. ప్రతి సందేశానికీ మొదట ఒక గుర్తు, పొడవు, చివర సీఆర్‌సీ (తప్పు దొర్లిందో లేదో చూపే లెక్క) పెట్టి, లెక్క కుదరనిదాన్ని పారవేస్తే ఈ బెడద ఉండదు. స్వీకరణ బఫర్ 256 బైట్లే అన్నది కూడా గుర్తుంచుకోవాలి. రెండో చిప్ బ్రోకర్ కోసం నిలబడిపోతే సందేశాలు అక్కడే పొంగిపోతాయి. కానీ పోయేవి ఆ సందేశాలే, మెష్ చెదరదు. కోరుకున్నది అదే.

రెండో చిప్‌ను వైఫైలో కాకుండా ఈథర్నెట్ తీగతో రౌటర్‌కు కలపగలిగితే ఇంకా మేలు. ఈఎస్‌పీ32కు ల్యాన్8720 చిప్ ఉన్న బోర్డులు, ఎస్‌పీఐ మీద కలిసే డబ్ల్యూ5500 మాడ్యూళ్లు ఇందుకు పనికొస్తాయి. రెండు రేడియోలు పక్కపక్కన ఒకే బ్యాండ్‌లో అరుచుకునే ఇబ్బంది కూడా తప్పుతుంది.

ఈ విభజన పేదవాడి ఉపాయం అనుకోనక్కర లేదు. ఈఎస్‌పీ చిప్‌లను తయారుచేసే ఎస్‌ప్రెసిఫ్ సంస్థే తన థ్రెడ్ (ఇంకొక రకం మెష్ పద్ధతి) బోర్డర్ రౌటర్ బోర్డులో వైఫైకి ఈఎస్‌పీ32-ఎస్3, మెష్ రేడియోకు ఈఎస్‌పీ32-హెచ్2 అని రెండు చిప్‌లను పెట్టింది. థ్రెడ్ అసలు పద్ధతే వేరు. అందులో ప్రతి నోడ్‌కూ ఐపీవీ6 చిరునామా ఉంటుంది, కాబట్టి గడప దగ్గర దుబాసీ అవసరం లేదు, దారి చూపే రౌటర్ చాలు. 127 బైట్లు మించని రేడియో ఫ్రేములో, కనీసం 1280 బైట్ల ప్యాకెట్‌ను మోయాలనే ఐపీవీ6ను ఇరికించడం 6లోప్యాన్ అనే సర్దుబాటు పొర చేసే పని. హెడర్లను కుదించి, పెద్ద ప్యాకెట్లను ముక్కలు చేస్తుంది. ఒకటికి మించి బోర్డర్ రౌటర్లు ఉండడం అక్కడ సహజం. అయితే గడప చిక్కులు అక్కడా పూర్తిగా తీరవు, చోటు మారతాయి. ఇంట్లోని లైనక్స్ కంప్యూటర్ బోర్డర్ రౌటర్ ప్రకటించే దారి సమాచారాన్ని తీసుకునేలా కెర్నల్ అమరికలో ఆ దారి ప్రిఫిక్స్ (చిరునామా ముందు భాగం) పొడవు పరిమితిని 64కు పెంచకపోతే, అది సున్నాగానే ఉండి, మెష్‌కు దారి ఉన్నా కంప్యూటర్‌కు తెలియదు. ఎస్‌ప్రెసిఫ్ వారి ఈఎస్‌పీ-వైఫై-మెష్‌లో రూట్ నోడ్ రౌటర్ సిగ్నల్ బలాన్ని బట్టి ఎన్నికవుతుంది, అది పోతే మరొకటి ఎన్నికవుతుంది. గేట్‌వే ఒక్కటే అన్న బలహీనత దీనితో పోతుంది, కానీ అందుకు ప్రతి నోడ్‌కూ ఇంటి రౌటర్ పాస్‌వర్డ్ ఇవ్వాలి.

ఆ చివరి మాట తోటలో చిన్నది కాదు. చెట్టుకు కట్టిన బోర్డును ఎవరైనా విప్పుకుపోవచ్చు. ఈఎస్‌పీ8266 ఫ్లాష్‌లో ఉన్నదంతా యూఎస్‌బీ తీగతో ఎవరైనా చదవగలిగేలా ఉంటుంది. ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్ సదుపాయం ఈఎస్‌పీ32లోనే ఉంది. రెండు చిప్‌ల గేట్‌వేలో ఇంటి పాస్‌వర్డ్ ఇంటి లోపలి చిప్‌లోనే ఉంటుంది, దొంగకు దొరికేది మెష్ పాస్‌వర్డ్ మాత్రమే. ఆ పాస్‌వర్డ్‌తో మెష్‌లో చేరినవాడు మోటారు వేయగలడు కాబట్టి, స్టార్టర్ బోర్డు ఎవరి మాట వినాలో దానికే తెలిసి ఉండాలి. సీరియల్ తీగ దాటే సందేశాల రకాలను కూడా నాలుగైదుకు పరిమితం చేసి, మిగతావాటిని గేట్‌వే దగ్గరే ఆపాలి.

ఇదంతా కట్టాక చూడవలసిన పరీక్ష ఇంట్లోనే ఉంది. మోటారు నడుస్తూ తొట్టి నిండబోతుండగా రౌటర్ ప్లగ్ పీకాలి. తొట్టి నిండిన క్షణంలో స్టార్టర్ రిలే పడాలి. తర్వాత రౌటర్‌ను వదిలి బ్రోకర్ ఉన్న కంప్యూటర్‌ను ఆపి, మళ్లీ అదే చూడాలి. మూడోసారి గేట్‌వే కరెంటే తీసేసి చూడాలి. మూడు సార్లూ మోటారు ఆగి, ప్లగ్ తిరిగి పెట్టిన కొద్ది నిమిషాల్లో తేమ అంకెలు ఫోన్‌లోకి వాటంతట అవే వస్తే గేట్‌వే సిద్ధమైనట్టు. ఒక్కసారి తొట్టి పొంగినా కోడ్ దగ్గరికి తిరిగి వెళ్లాలి.